ఆటలో విమానం, అసలు విమానం: ఎవరి లెక్క నిజం?

రాత్రి భోజనాలయ్యాక మన హాస్టల్ టీవీ ముందు జరిగే వాదనలు అందరికీ గుర్తుండే ఉంటాయి. ఫలానా బౌలర్ 150 కిలోమీటర్ల వేగంతో వేశాడని ఒకడంటే, కాదు 140 దాటలేదని ఇంకొకడు. వార్డెన్ సారు వచ్చి లైట్లు ఆర్పేదాకా ఆ గొడవ తెగేది కాదు. కానీ ఆ వేగం బంతి చేతిలోంచి వదిలినప్పటిదా, పిచ్ మీద పడి బ్యాట్స్‌మన్ దగ్గరికి వచ్చినప్పటిదా అని మాత్రం ఎవరం అడిగేవాళ్లం కాదు. రెండూ ఒకటి కావు. దారిలో బంతి వేగం తగ్గుతుంది.

సరిగ్గా ఇలాంటి వాదనే యుద్ధ విమానాల కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్ల మధ్య పాతికేళ్లకు పైగా నడుస్తోంది. ఆటలోని విమానం అసలు విమానంలాగే ఎగురుతోందా లేదా అన్నదే ఆ తగువు. చిన్నపిల్లల ఆట గురించి ఇంత రాద్ధాంతమా అని నేనూ మొదట నవ్వుకున్నాను. యూనివర్సిటీలో మా గదిలోని మిత్రుడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాక, ఇందులో మన ఇంటర్ ఫిజిక్స్ సగం ఉందని అర్థమైంది. దాన్ని మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

సిమ్యులేటర్ అంటే ఏమిటి?

విమానం ఎక్కకుండానే విమానం నడిపిన అనుభవం ఇచ్చే యంత్రమే సిమ్యులేటర్. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన ఒక శిక్షణ యంత్రం తయారుచేశాడు. వాళ్ల కుటుంబానిది ఆర్గాన్ వాద్యాలు తయారుచేసే ఫ్యాక్టరీ. ఆ వాద్యాల్లో గాలి ఊదే తిత్తులనే వాడి, చిన్న విమానం ఆకారంలో ఉన్న పెట్టె అటూ ఇటూ వంగేలా చేశాడు. మొదట్లో దాన్ని ఎగ్జిబిషన్లలో వినోదంగానే చూశారు. 1934లో అమెరికా సైనిక పైలట్లకు టపా మోసే పని అప్పగించినప్పుడు, చెడు వాతావరణంలో వరుసగా ప్రమాదాలు జరిగి పలువురు చనిపోయారు. ఆ తర్వాతే సైన్యం లింక్ యంత్రాలు ఆరు కొనుగోలు చేసింది. నేడు సిమ్యులేటర్ లేని పైలట్ శిక్షణను ఊహించలేం.

ఇంట్లో కంప్యూటర్ మీద ఆడుకునే సిమ్యులేటర్లు దీనికి చిన్న తమ్ముళ్లు. 1998లో వచ్చిన ‘ఫాల్కన్ 4.0’, 2001లో మాస్కోలో తయారైన ‘ఐఎల్-2 స్టుర్మోవిక్’, ఆ తర్వాత వచ్చిన ‘డి.సి.ఎస్.’, ‘వార్ థండర్’ ఈ రంగంలో పేరున్నవి. వీటన్నింటి వెనుక ఉన్న సూత్రం ఒకటే. విమానం మీద ప్రధానంగా నాలుగు బలాలు పనిచేస్తాయి. రెక్కలు పైకెత్తే బలం, కిందికి లాగే బరువు, ఇంజను ముందుకు నెట్టే బలం, గాలి వెనక్కి లాగే నిరోధం. కంప్యూటర్ సెకనుకు ఎన్నోసార్లు ఈ బలాలను లెక్కగట్టి, విమానం ఎటు కదలాలో తేలుస్తుంది.

న్యూటన్ సూత్రాల మీద ఎవరికీ తగువు లేదు. ఆ సూత్రాల్లో వేసే అంకెల మీదే తగువంతా. ఈ విమానం గరిష్ఠ వేగం ఎంత, ఎంత చిన్న వలయంలో తిరుగుతుంది, 20,000 అడుగులు ఎక్కడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే అసలు ప్రశ్న.

అంకె ఒకటే, అర్థాలు వేరు

మొదటి చిక్కు వేగంతోనే. విమానంలోని వేగం మీటరు ఎదురు వచ్చే గాలి ఒత్తిడిని కొలిచి ముల్లు కదుపుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. 20,000 అడుగుల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉన్నదానిలో సగానికి కాస్త ఎక్కువ, సుమారు 53 శాతం. అందువల్ల ఆ ఎత్తులో మీటరు గంటకు 250 మైళ్లు చూపిస్తే, విమానం నిజంగా పోయే వేగం 340 మైళ్ల దాకా ఉంటుంది. పుస్తకంలో రాసింది నిజ వేగం, ఆటగాడు చూసింది మీటరు వేగం. ఈ రెంటినీ పోల్చి, ఆట తయారుచేసినవాళ్లు తమకిష్టమైన విమానానికి అన్యాయం చేశారని గొడవపడినవారు ఎందరో!

రెండో చిక్కు బరువు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్ల మస్టాంగ్ విమానానికి పైలట్ వెనుక 85 గ్యాలన్ల పెట్రోలు ట్యాంకు ఉండేది. అంటే సుమారు 320 లీటర్లు, 230 కిలోల బరువు. అది నిండుగా ఉన్నప్పుడు బరువంతా వెనక్కి జరిగి విమానం నిలకడ తప్పేది. అందుకే పైలట్లు ముందుగా ఆ ట్యాంకు ఖాళీ చేసి, ఆ తర్వాతే పోరాటానికి దిగాలని చూసేవారు. ఇప్పుడు ఆటలో ఒకడు నిండు ట్యాంకుతో బయల్దేరి వెంటనే గిరికీలు కొట్టబోయి కూలిపోతాడు. ‘ఇంత గొప్ప విమానాన్ని పాడుచేశారు’ అంటాడు. నిజానికి ఆట అక్కడ ఒప్పే చేసి ఉండవచ్చు.

మూడో చిక్కు కాలం. ‘స్పిట్‌ఫైర్ ఇలా ఎగురుతుంది’ అని ఎవరైనా అంటే, ఏ సంవత్సరం స్పిట్‌ఫైర్ అని అడగాలి. 1940 నాటి స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజనుకు ఫ్లోటు ఉండే కార్బ్యురేటర్ వాడేవారు. మనం ఎక్కిన బస్సు గతుకులో దూకినప్పుడు సీటు మీంచి పైకి లేస్తాం కదా, పైలట్ విమానం ముక్కును ఒక్కసారిగా కిందికి వంచితే కార్బ్యురేటర్‌లోని పెట్రోలు కూడా అలాగే పైకి లేచేది. ఇంజను దగ్గి, ఒక్కోసారి ఆగినంత పని చేసేది. జర్మన్ మెసర్‌స్మిట్ 109లో పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటు ఉండేది కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు. వెంటాడుతున్న స్పిట్‌ఫైర్ నుంచి తప్పించుకోవడానికి జర్మన్ పైలట్లు ముక్కు కిందికి వంచి దూకేసేవారు.

ఈ సమస్యకు 1941లో తాత్కాలిక పరిష్కారం చూపింది బీట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు. పెట్రోలు అవసరానికి మించి పోకుండా ఆపే చిన్న రంధ్రం ఉన్న లోహపు బిళ్లను ఆమె రూపొందించారు. మోటారు సైకిల్ పందాల్లోనూ పేరు తెచ్చుకున్న ఆమె ఆ బిళ్లలు పట్టుకుని వైమానిక కేంద్రాలకు తిరిగి అమర్పించారు. కాబట్టి ఆటలో ముక్కు వంచగానే స్పిట్‌ఫైర్ ఇంజను ఆగితే అది 1940కి ఒప్పు, తర్వాతి కాలానికి తప్పు.

పెట్రోలు రకం మీదా ఇదే తంతు. బ్రిటిష్‌వాళ్లు 100 ఆక్టేన్ పెట్రోలుకు మారాక మెర్లిన్ ఇంజనులో గాలి ఒత్తిడిని ఆరుంపావు పౌండ్ల నుంచి పన్నెండు పౌండ్లకు పెంచగలిగారు. దాంతో తక్కువ ఎత్తుల్లో వేగం బాగా పెరిగింది. 1940 నాటి బ్రిటన్ గగనతల యుద్ధం మీద 2011లో ‘క్లిఫ్స్ ఆఫ్ డోవర్’ అనే ఆట వచ్చినప్పుడు, అందులోని బ్రిటిష్ విమానాలకు ఈ పెట్రోలు లెక్క ప్రకారం శక్తి ఇవ్వాలా వద్దా అని పెద్ద రగడే జరిగింది. ఏ స్క్వాడ్రన్‌కు ఏ నెలలో ఏ పెట్రోలు అందిందో పాత కాగితాలు తిరగేసినవాళ్లున్నారు.

శత్రువు విమానం చేతికి చిక్కితే

విమానాన్ని తయారుచేసిన కంపెనీ చెప్పిన అంకెలు నమ్మకపోతే, శత్రువు కొలిచిన అంకెలు చూడవచ్చు గదా అంటారు. అలాంటి కొలతలు ఉన్నాయి. వాటి కథలు కూడా ఆసక్తికరమే.

1942 జూన్ 4న అలాస్కా ప్రాంతంలోని అకుటాన్ దీవిలో కోగా అనే జపాన్ పైలట్ తన జీరో విమానాన్ని దించబోయాడు. గట్టి నేల అనుకున్నది బురద కావడంతో విమానం తిరగబడి ఆయన చనిపోయాడు. నెల తర్వాత అమెరికన్లు దాన్ని కనుగొని, శాన్ డియాగోకు తరలించి బాగుచేసి, సెప్టెంబరులో ఎగరేశారు. అంతవరకు అజేయంగా అనిపించిన జీరో లోపాలు అప్పుడు బయటపడ్డాయి. 200 నాట్ల వేగం దాటితే దాని ఐలెరాన్లు బిగుసుకుపోయి పక్కకు దొర్లడం కష్టమయ్యేది. ముక్కు కిందికి వంచితే ఇంజను ఆగేది.

అదే ఏడాది జూన్ 23న ఆర్మిన్ ఫాబర్ అనే జర్మన్ పైలట్ దారి తప్పి, తమ ప్రాంతమే అనుకుని వేల్స్‌లోని బ్రిటిష్ స్థావరంలో తన ఫోకె-వుల్ఫ్ 190ని దించాడు. బ్రిటిష్‌వాళ్లు తమ స్పిట్‌ఫైర్ 5బి రకంతో దాన్ని పోటీగా ఎగరేసి చూశారు. 25,000 అడుగుల వరకు దాదాపు ప్రతి ఎత్తులోనూ జర్మన్ విమానమే గంటకు 20 నుంచి 35 మైళ్లు ఎక్కువ వేగంతో పోయింది. పక్కకు దొర్లడంలోనూ అదే మెరుగు. చిన్న వలయంలో తిరగడంలో మాత్రం స్పిట్‌ఫైర్‌దే పైచేయి. ఇక్కడ గమనించవలసింది, ‘ఏ విమానం మంచిది’ అన్నదానికి ఒకే జవాబు రాలేదు. ఎత్తును బట్టి, చేసే పనిని బట్టి జవాబు మారింది.

అయితే ఈ కొలతలనూ కళ్లు మూసుకుని నమ్మలేం. బురదలో తిరగబడి, మరమ్మతు చేసిన విమానం కొత్తదానితో సమానమా? పరాయి మెకానిక్కు, పరాయి పెట్రోలు, సరిగా తెలియని ఇంజను... ఇవన్నీ ఫలితాన్ని మార్చగలవు. కంపెనీవాళ్లు నునుపుగా పాలిష్ పెట్టిన కొత్త విమానాన్ని కొలిస్తే, శత్రువు దెబ్బతిన్నదాన్ని కొలుస్తాడు. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.

అద్దం తగాదా

ఈ వివాదాలన్నింటిలో నాకు బాగా నచ్చింది ‘ఐఎల్-2’ ఆటల్లోని ఫోకె-వుల్ఫ్ 190 అద్దం తగాదా. ఆటలో ఆ విమానంలో కూర్చుంటే గురి చూసే అద్దం కింది భాగానికి అడ్డంగా లావుపాటి కమ్మీ కనిపించేది. దాంతో ముందున్న శత్రువు కనిపించేవాడు కాదు. ‘ఇంత దరిద్రమైన ఏర్పాటుతో జర్మన్లు యుద్ధం ఎలా చేశారు?’ అని ఒక వర్గం. ‘డ్రాయింగుల ప్రకారమే చేశాం, కమ్మీ అక్కడే ఉంది’ అని ఇంకో వర్గం.

ఇద్దరూ ఒప్పే. డ్రాయింగులో కమ్మీ ఉంది. కానీ దాని ముందు తూటాలను ఆపే సుమారు 50 మిల్లీమీటర్ల మందం గాజు, బాగా వాలుగా అమర్చి ఉంది. ఆటలో కాంతి ఆ గాజు గుండా తిన్నగా వచ్చేది. అసలు విమానంలో వక్రీభవనం జరుగుతుంది!

నీళ్లగ్లాసులో వేసిన రూపాయి బిళ్ల పైకి లేచినట్టు కనపడటం మనకు తెలుసు. ఇంటర్ పాఠంలో గాజు పలక ప్రయోగంలో సూదులు గుచ్చి కాంతి పక్కకు జరగడాన్ని కొలిచాం కదా, ఇదీ అదే. లెక్క కోసం పతన కోణం 60 డిగ్రీలు, గాజు వక్రీభవన గుణకం 1.5 అనుకుందాం. స్నెల్ నియమం ప్రకారం గాజులోని కోణం సుమారు 35 డిగ్రీలు వస్తుంది. 50 మిల్లీమీటర్ల గాజులో ఆ కిరణం పక్కకు జరిగే దూరం సుమారు 25 మిల్లీమీటర్లు. అంటే ఒక అంగుళం. గాజు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి చూపు పైకి జరుగుతుంది. పైలట్ తల అంగుళం ఎత్తున ఉన్నట్టే లెక్క.

అంగుళంతో ఏమవుతుంది అనవచ్చు. కమ్మీ కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఆ అంగుళం దాదాపు 2.4 డిగ్రీల కోణం. 300 మీటర్ల దూరంలో అది సుమారు 12 మీటర్లు. ఒక యుద్ధ విమానం రెక్కల వెడల్పు అంత! ముందున్న విమానం కనపడటానికీ కనపడకపోవడానికీ అదే తేడా. డ్రాయింగును అచ్చుగుద్దినట్టు దించినా, గాజు ఏం చేస్తుందో మరిచిపోతే చిత్రం తప్పే అవుతుందని ఈ తగాదా చెబుతోంది. మీలో ఇంటర్ చదివేవాళ్లు పై లెక్కను కోణాలు మార్చి చేసి చూడండి.

కుర్చీలో కూర్చుంటే తెలియనివి

ఎంత మంచి లెక్కలు వేసినా ఇంట్లోని కంప్యూటర్ చూపలేనివి కొన్ని ఉన్నాయి. బల్ల మీది జాయ్‌స్టిక్‌కు ఉండేది చిన్న స్ప్రింగు. వేగం ఎంతైనా రెండు వేళ్లతో కదపవచ్చు. అసలు జీరోలోనో, మెసర్‌స్మిట్‌లోనో వేగం పెరిగితే కంట్రోల్ స్టిక్ కదపడానికి బలమంతా పెట్టాలి. అందుకే కొన్ని ఆటల్లో వేగం పెరిగినప్పుడు విమానం ఆలస్యంగా స్పందించేలా చేస్తారు. చేతికి తెలియవలసిన బరువును కంటికి చూపించడమన్నమాట. అది తెలియని ఆటగాడు విమానాన్ని మొద్దుగా చేశారంటాడు.

‘పైలట్ స్వయంగా చెప్పాడు’ అనేది మరో పెద్ద సాక్ష్యం. పైలట్ల మాటకు విలువ ఉంది, కాదనలేం. కానీ పుస్తకాలు రాసినవాళ్లు, ఇంటర్వ్యూలు ఇచ్చినవాళ్లు బతికి బయటపడ్డవాళ్లు. ఆ విమానం లోపం వల్ల చనిపోయినవాళ్లు పుస్తకం రాయలేదు. పైగా గెలిచినప్పుడు అది విమానం గొప్పతనమా, ఎదుటివాడి అనుభవ లేమా అన్నది ఆ క్షణంలో తేలదు.

మన దేశానికి సంబంధించిన ఉదాహరణ మిగ్-21. 1963 నుంచి 2025 సెప్టెంబరు 26 వరకు మన వైమానిక దళానికి సేవలందించిన విమానం. దాని ఎలక్ట్రానిక్ పరికరాల తయారీ కోసమే 1965లో హైదరాబాద్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ విభాగం మొదలైంది. ఈ మిగ్-21లోని బిస్ రకం 2014లో డి.సి.ఎస్. ఆటలోకి వచ్చింది. గంటకు 300 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నేలకు దిగవలసిన విమానమది. ఆటలో దించలేకపోతే ఒక మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అసలు మిగ్-21లలో మన పైలట్లు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఏ సిమ్యులేటరూ చూపలేని తేడా అది.

గెలవడం కోసం రహస్యాలు

పాత విమానాల కాగితాలు మ్యూజియాల్లో దొరుకుతాయి. నేటి విమానాల సంగతి అలా కాదు. వాటి అసలు సామర్థ్యం ఆ దేశపు రహస్యం. ఇక్కడే వాదన ప్రమాదకరంగా మారింది. 2021లో వార్ థండర్ ఆడే ఒకరు ఆటలో బ్రిటిష్ చాలెంజర్-2 ట్యాంకు తప్పుగా ఉందని నిరూపించడానికి దాని మాన్యువల్‌లోని పేజీలనే బయటపెట్టారు. అదే ఏడాది ఫ్రెంచి ట్యాంకు విషయంలో, 2022లో చైనా ట్యాంకు గుండు విషయంలో ఇలాగే జరిగింది. 2023 జనవరిలో అమెరికా ఎఫ్-16 విమానానికి చెందిన, పంపిణీపై ఆంక్షలున్న పత్రాలు బయటికొచ్చాయి. ఆట నిర్వాహకులు వాటిని వెంటనే తొలగించి, అలాంటి పత్రాల ఆధారంగా ఏ మార్పూ చేయబోమని చెప్పవలసి వచ్చింది. సిమ్యులేటర్లు తయారుచేసే మరో సంస్థలోని రష్యన్ ఉద్యోగి ఒకరు, ఎఫ్-16 మాన్యువళ్లను అనుమతి లేకుండా అమెరికా నుంచి తెప్పించుకోవడానికి ప్రయత్నించిన కేసులో 2019లో అక్కడి కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

ఒక ఆటలో ఒక అంకె మార్పించడానికి ఉద్యోగాన్ని, స్వేచ్ఛను పణంగా పెట్టారంటే ‘నా మాటే నిజం’ అనిపించుకోవాలన్న పంతం మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందో చూడండి.

దీనితో మనకేమిటి?

ఒక సంగతి ఒప్పుకోవాలి. డిగ్రీ మొదటి ఏడాది ల్యాబులో లఘులోలకం ప్రయోగం చేసినప్పుడు గురుత్వ త్వరణం నాకు 9.3 వచ్చింది. రావలసింది 9.8 అని తెలుసు. మా ఇంట్లో అంతకుముందు ల్యాబు మెట్లెక్కినవాళ్లెవరూ లేరు. తప్పు చేస్తే ‘వీడికి రాదు’ అంటారేమోనని భయం. అందుకని రీడింగులు దిద్ది 9.8 చేశాను. మార్కులు వచ్చాయి. కానీ దారం పొడవును గుండు మధ్య దాకా కాకుండా గుండు పైభాగం దాకానే కొలిచానని చాలా రోజుల తర్వాత తెలిసింది. 9.3నే నిజాయితీగా చూపించి ఉంటే ఆ రోజే నేర్చుకునేవాణ్ణి.

విమానాల తగాదాలు చదువుతున్నప్పుడు నాకు ఆ లోలకమే గుర్తొచ్చింది. అక్కడ గెలిచింది గట్టిగా అరిచినవాళ్లు కాదు. ఈ అంకె ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు, ఎంత బరువుతో, ఎంత ఎత్తులో, ఏ పెట్రోలుతో కొలిచారు అని అడిగి, తమ ఇష్టమైన విమానానికి వ్యతిరేకంగా జవాబు వచ్చినా ఒప్పుకున్నవాళ్లు. ఆ ఒప్పుకోలు వల్లే ఆటలు ఏటికేడు మెరుగయ్యాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు పరీక్ష హాల్లోనో, ఉద్యోగంలోనో, ఊళ్లో రచ్చబండ దగ్గరో ఎవరైనా ఒక అంకె చెప్పి నోరు మూయించబోతే, కోపం తెచ్చుకోకుండా ఈ ప్రశ్నలు అడగండి. అవే ప్రశ్నలు మీ సొంత అంకెలనూ అడగండి. మనలో ఒకరు ఏదో ఒక రోజు దుండిగల్ అకాడమీలో సిమ్యులేటర్ ముందు కూర్చోవాలని, ఇంకొకరు ఆ సిమ్యులేటర్‌కు సరైన అంకెలు అందించే ఇంజనీరు కావాలని కోరుకుంటూ, హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలతో సెలవు తీసుకుంటున్నాను.